కాలేజీ పెప్ బ్యాండ్‌తో మార్చి టోర్నమెంట్‌కి అమ్మాయిని పంపొచ్చా? చదువు, ఖర్చు, వీసా, భోజనం గురించి

నమస్కారం అండీ. మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ చెప్తాను, మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. మీ అమ్మాయి అమెరికాలో ఒక యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది, ఆల్టో శాక్సఫోన్ వాయిస్తుంది, ఈ ఏడు బాస్కెట్‌బాల్ జట్టుతో పాటు ప్రయాణం చేసే పెప్ బ్యాండ్‌కి (ఆట దగ్గర కూర్చుని వాయిస్తూ జట్టుని, జనాన్ని హుషారెక్కించే విద్యార్థుల బ్యాండ్) ఎంపికైంది. మార్చిలో ముందు కాన్ఫరెన్స్ టోర్నమెంట్ (తమ లీగ్‌లోని యూనివర్సిటీల మధ్య పోటీ), జట్టు నెగ్గుకొస్తే ఆ తర్వాత కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే దేశస్థాయి టోర్నమెంట్. మిడ్‌టర్మ్‌లు కూడా ఆ రోజుల్లోనే. మీవారు "ఎవరో ఆడుకునే ఆటకి మన పిల్ల క్లాసులు మానేసి బూర ఊదడం ఏమిటి" అంటున్నారు. మీకు పంపాలనే ఉంది కానీ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, హోటల్లో ఎవరితో ఉంచుతారో, శాకాహారం దొరుకుతుందో లేదో, వీసాకి ఏమైనా ఇబ్బంది ఉందో అని టెన్షన్.

నా జవాబు: పంపండి. రెండు పనులు మాత్రం ముందే అయిపోవాలి. ఒకటి, మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంట్ జట్ల పేర్లు ప్రకటించే ఆదివారం కంటే ముందే ప్రొఫెసర్లందరికీ రాతపూర్వకంగా చెప్పేసి ఉండాలి. రెండు, మీ అమ్మాయి అమెరికా పౌరురాలు కాకపోతే, బ్యాండ్ వాళ్లు ఇచ్చే డబ్బు ఏదైనా సరే తీసుకునే ముందు యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని అడగాలి. ఈ రెండూ అయితే మిగతావి చిన్న విషయాలే.

ఏ అనుభవంతో చెప్తున్నానంటే, నేను చదువుకునే రోజుల్లో మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ పెప్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించాను. మాస్టర్స్ చేస్తూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా అదే బ్యాండ్‌కి బస్సులు, గదులు, భోజనాలు, పరీక్షల ఏర్పాట్లు చూశాను. ఉద్యోగంలో చేరాక కూడా మార్చి వచ్చిందంటే సెలవు పెట్టి డైరెక్టర్‌కి తోడుగా వెళ్తుంటాను. వాయించే కుర్చీ వైపు నుంచీ, పిల్లల్ని లెక్కపెట్టి బస్సెక్కించే వైపు నుంచీ కూడా ఈ ప్రయాణాలు చూశాను.

ముందు మీవారి ప్రశ్నకే వస్తాను, ఎందుకంటే అది సరైన ప్రశ్న. ఈ పిల్లలు అక్కడికి ఎందుకు వెళ్తున్నారు?

సొంత జిమ్‌లో ఆట అయితే అరవై, ఎనభై మంది కూర్చుని వాయించే బ్యాండ్‌లు ఉన్నాయి. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వచ్చేసరికి ఒక్కో స్కూలుకి (ఇక్కడ యూనివర్సిటీని స్కూలనే అంటాం) 29 మంది వాయించేవాళ్లు, ఒక డైరెక్టర్, అంతే. మగపిల్లల ఆట ఎక్కడో తటస్థ నగరంలో (రెండు జట్లలో ఎవరి ఊరూ కాని చోట), పదిహేను ఇరవై వేలమంది పట్టే అరీనాలో జరుగుతుంది. మన స్కూలు వాళ్లకి కేటాయించిన టికెట్లు ఒకటి రెండు సెక్షన్లకి సరిపడా. మిగతా జనం అవతలి జట్టు వాళ్లో, ఆ తర్వాత ఆట చూడటానికి ముందే వచ్చి కూర్చున్నవాళ్లో. అలాంటి చోట మన జట్టు వరసగా మూడు బుట్టలు వేసి అవతలి కోచ్ టైమౌట్ (ఆటకి చిన్న విరామం) అడిగిన క్షణంలో విజిల్ ఇంకా గాల్లో ఉండగానే మన 29 మందీ ఒక్క దెబ్బతో ఎత్తుకుంటే అరీనా మూడ్ మారిపోతుంది. తటస్థంగా కూర్చున్నవాళ్లు చప్పట్లు మొదలుపెడతారు. బెంచి మీద పిల్లలు లేచి మా వైపు తిరుగుతారు. నేను ఇది మళ్లీ మళ్లీ చూశాను, అయినా ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికి దూరంగా ఆడుతున్న ఇరవై ఏళ్ల పిల్లలకి తమ జిమ్‌లో వినే పాట వినిపించడం చిన్న సంగతి కాదండీ. వాళ్లు ఎవరో కాదు కూడా, మీ అమ్మాయి స్టాటిస్టిక్స్ క్లాసులో పక్క వరసలో కూర్చునే పిల్లలే.

దీని విలువ స్కూళ్లకి ఎంత బాగా తెలుసో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2024 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో యేల్ యూనివర్సిటీ జట్టు ఆడాల్సి ఉండగా యేల్ బ్యాండ్ రాలేకపోయింది. దగ్గర్లోని ఐడహో యూనివర్సిటీ బ్యాండ్ పిల్లలు యేల్ చొక్కాలు వేసుకుని, యేల్ వాళ్ల ఫైట్ సాంగ్ (జట్టుని ఉత్సాహపరిచే స్కూలు పాట) అప్పటికప్పుడు నేర్చుకుని వాళ్ల తరఫున వాయించారు. ఆ రోజు 13వ సీడ్ (సీడ్ అంటే బలాన్ని బట్టి జట్టుకిచ్చే ర్యాంకు, 1 అన్నిటికంటే పైది) యేల్ 4వ సీడ్ ఆబర్న్‌ని 78–76 తో ఓడించింది. బ్యాండ్ వల్లే గెలిచారని నేను అనను. కానీ ఇలా పక్క స్కూలు బ్యాండ్‌ని పిలిపించుకోవడం కొత్తేమీ కాదు, ఏ స్కూలూ ఆ కుర్చీలు ఖాళీగా వదలాలనుకోదు. మీ అమ్మాయి కూర్చునే కుర్చీ అది.

29 మందిలో సర్దుబాటు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఎక్కువ, రెండు మూడు సూసాఫోన్లు (ఒంటికి చుట్టుకునే పెద్ద బూరలు), ఒక డ్రమ్ సెట్, చాలా చోట్ల బేస్ గిటార్, శాక్సఫోన్లు కొన్ని, ఫ్లూట్ క్లారినెట్లకి చోటు తక్కువ. ఆల్టో శాక్స్‌కి మా దగ్గర మూడు నాలుగు స్థానాలకి మించి ఉండేవి కావు. సీనియారిటీ, హాజరు, పాటలు చూడకుండా వాయించగలగడం, ఇవన్నీ చూసి తీసుకుంటారు. రెండో సంవత్సరంలోనే ఎంపికైందంటే మీ అమ్మాయి ఏడాదిన్నరగా మంచు కురిసే రాత్రుళ్లు కూడా ఆటలకి మానకుండా వెళ్లి ఉంటుంది. ఒకసారి వస్తానన్నాక చివరి నిమిషంలో మానడం మాత్రం వద్దు. ముగ్గురున్న వరసలో ఒకరు లేకపోతే ఆ లోటు అందరికీ వినిపిస్తుంది, పైగా ఆ చోటు కోసం ఎదురుచూసిన ఇంకో పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. కాబట్టి మీ ఇంట్లో చర్చ ఏదైనా ఇప్పుడే తేల్చుకోండి.

అక్కడ పని ఎలా ఉంటుందంటే, మగపిల్లల ఆటలో 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. ప్రతి సగంలో వెనక్కి లెక్కపెట్టే గడియారం 16, 12, 8, 4 నిమిషాలు దాటాక ఆట ఆగిన మొదటిసారి టీవీ కోసం టైమౌట్ ఇస్తారు. ఆడపిల్లల ఆటలో 2015–16 సీజన్ నుంచి 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, అక్కడ లెక్క వేరు. కోచ్‌లు అడిగే టైమౌట్లు అదనం. టోర్నమెంట్‌లో రెండు బ్యాండ్‌లూ వంతులవారీగా వాయించాలి, ఏ వంతు ఎవరిదో ముందే చెప్తారు. బంతి ఆటలో ఉండగా వాయిద్యం మోగకూడదు. నోటితో ఎంతైనా అరవచ్చు. పెళ్లిలో పంతులుగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకుని, మళ్లీ చెయ్యి చూపగానే ఠక్కున ఆపేస్తారు చూడండి, అచ్చం ఆ క్రమశిక్షణే ఇది, తేడా ఏమిటంటే ఇక్కడ రెండు గంటల్లో అది పాతికసార్లు జరుగుతుంది. డైరెక్టర్ ఒక కన్ను రిఫరీ మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టుకుంటారు. రిఫరీ బంతి చేతికిచ్చే లోపే పిడికిలి బిగిస్తే ఆ స్వరం మీదే ఆగిపోవాలి, పాట ఎక్కడున్నా సరే. ఆలస్యమైతే రిఫరీ ఊరుకోడు, ఆ నష్టం మన జట్టుకే. ఫోన్ చూసుకుంటూ కూర్చునే పిల్లలు ఈ పని చేయలేరు. అంతసేపు ఆ ఏకాగ్రత పట్టడం అలవాటయ్యాక మా పిల్లల్లో చాలామందికి చదువులో కూడా అది పనికొచ్చింది, ఇది మీవారికి చెప్పండి.

ఇంకో విషయం. మీ అమ్మాయిని మగపిల్లల జట్టుతో పంపుతారా, ఆడపిల్లల జట్టుతోనా అన్నది మీరు రాయలేదు. చదువులో ఆడ, మగ తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల స్కూళ్లు రెండు జట్లకీ సమానంగా సౌకర్యాలు చూడాలి, బ్యాండ్ కూడా అందులో భాగమే. అందుకే చాలాచోట్ల బ్యాండ్‌ని రెండు గుంపులుగా చేసి పంచుతారు. ఆడపిల్లల జట్టుతో వేస్తే చిన్నతనంగా అనుకునే పిల్లలు ఇంకా ఉన్నారు, అది తప్పు. 2024 లో మహిళల ఫైనల్‌ని టీవీలో పురుషుల ఫైనల్ కంటే ఎక్కువమంది చూశారు, అలా జరగడం అదే మొదటిసారి. పైగా మహిళల టోర్నమెంట్‌లో మొదటి రెండు రౌండ్లు మొత్తం మీద పైనున్న 16 జట్ల సొంత జిమ్‌లలో పెడతారు. అంటే మనది ర్యాంకులో వెనకున్న జట్టు అయితే అవతలి వాళ్ల ఇంట్లో, వాళ్ల పెద్ద బ్యాండ్ ఎదురుగా మనం ఓ మూల 29 మందిమి. బ్యాండ్ అవసరం అసలు అక్కడే ఎక్కువ. నాకు బాగా గుర్తుండిపోయిన ఆటలన్నీ అలాంటివే.

చదువు. ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పిల్లలు దెబ్బతినేది ఇక్కడే.

కాన్ఫరెన్స్ టోర్నమెంట్ తేదీలు ఏడాది ముందే తెలుస్తాయి, కానీ మన జట్టు ఎన్ని రోజులు ఉంటుందో తెలియదు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి అయితే ఏ ఊరు వెళ్లాలో కూడా ఆదివారం సాయంత్రం జట్లు ప్రకటించేదాకా తెలియదు. మగపిల్లల టోర్నమెంట్‌లో మొదట ఆడే ఎనిమిది జట్లలో మనది ఉంటే మంగళవారమో బుధవారమో ఒహాయోలోని డేటన్‌లో ఆట. లేకపోతే గురు, శుక్రవారాల్లో ఎక్కడైనా కావచ్చు. అంటే ఆదివారం రాత్రి వార్త తెలిస్తే మంగళవారానికి పెట్టె సర్దుకుని బయల్దేరడం మామూలే. ఓడితే రెండు మూడు రోజుల్లో ఇంటికి. గెలిస్తే వారాంతం దాకా, ఆ పైవారం మళ్లీ ఇంకో ఊరు. "మాది చిన్న స్కూలు, ఒక్క ఆటే కదా" అని ఎవరూ లెక్కేసుకోకూడదు. 2018 లో 16వ సీడ్ యూఎంబీసీ, 1వ సీడ్ వర్జీనియాని 74–54 తో కొట్టింది. పురుషుల టోర్నమెంట్‌లో అంతకు ముందెప్పుడూ 16వ సీడ్ 1వ సీడ్‌ని ఓడించలేదు. అలాంటి రాత్రి వస్తే సోమవారం పరీక్ష సంగతేమిటి?

అందుకని మేం పిల్లలకి చెప్పే పద్ధతి ఇదీ. ఫిబ్రవరిలోనే బ్యాండ్ డైరెక్టర్ ఇచ్చే అధికారిక లేఖ తీసుకుని, వెళ్లే అవకాశం ఉన్న రోజులన్నీ రాసి, ప్రతి ప్రొఫెసర్‌కి స్వయంగా కలిసి ఇవ్వాలి. ఈమెయిల్ ఒక్కటే పంపి ఊరుకుంటే కుదరదు. చాలా యూనివర్సిటీల్లో జట్టుతో అధికారికంగా వెళ్లే బ్యాండ్‌కి కూడా ఆటగాళ్లలాగే హాజరు మినహాయింపు ఉంటుంది, కొన్నింట్లో ప్రొఫెసర్ ఇష్టానికి వదిలేస్తారు. మీ అమ్మాయి వాళ్ల దగ్గర ఏదో సిలబస్‌లో చూసుకోమనండి. లెక్చర్లు పెద్ద సమస్య కాదు, నోట్స్ దొరుకుతాయి. ల్యాబ్‌లే అసలు సమస్య. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ మళ్లీ పెట్టరు, కాబట్టి అదే వారంలో ఇంకో సెక్షన్‌తో కలిసి ముందే చేసేయడానికి అనుమతి అడగాలి. పరీక్ష అయితే ప్రొఫెసర్ ఒప్పుకుంటే హోటల్లో మీటింగ్ రూమ్‌లో మాలాంటివాళ్లం కూర్చుని రాయిస్తాం. ఒక అబ్బాయి అయితే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మిడ్‌టర్మ్ ఉదయం హోటల్లో రాసి, మధ్యాహ్నం ఆటకి డ్రమ్ సెట్ ముందు కూర్చున్నాడు, మంచి మార్కులే వచ్చాయి. బస్సులో చదువుకుంటాను అనే మాట మాత్రం నమ్మకండి. ముప్ఫైమంది స్నేహితులున్న బస్సులో ఎవరూ చదవరు. బయల్దేరేలోపు అసైన్‌మెంట్లు అప్పజెప్పేసి రావాలి, అంతే.

మీ అమ్మాయికి ఇప్పటికే ఏదైనా సబ్జెక్టులో మార్కులు బాగా పడిపోయి ఉంటే, ఆ ఒక్క సందర్భంలో నేను కూడా ఈ ఏడు ఆగమనే చెప్తాను. ఇంకా రెండు మార్చిలు ఉన్నాయి తనకి.

ఖర్చు గురించి మీరు పెద్దగా ఆలోచించక్కర్లేదు. కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కి సాధారణంగా స్కూలు అథ్లెటిక్స్ విభాగం పెట్టుకుంటుంది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్లే బ్యాండ్ ప్రయాణం, బస, భోజనాల ఖర్చుకి ఎన్‌సీఏఏ డబ్బు ఇస్తుంది. దూరాన్ని బట్టి బస్సో, చార్టర్ విమానమో. భోజనానికి రోజుకింత అని చేతికి ఇస్తారు, లేదా డబ్బాలు తెప్పిస్తారు. చిరుతిళ్లు, ఎయిర్‌పోర్ట్ కాఫీ లాంటివాటికి మాత్రమే మీ డబ్బు అవుతుంది. వాయిద్యాలు చార్టర్‌లో సామాన్లతో పాటే వెళ్తాయి. ఒకవేళ మామూలు విమానంలో పంపితే ఆల్టో శాక్స్‌ని చేత్తో పట్టుకెళ్లమనండి. పైన అరలోనో సీటు కిందో చోటుంటే చిన్న వాయిద్యాన్ని క్యాబిన్‌లోకి అనుమతించాలని అమెరికా రవాణా శాఖ 2015 లో నిబంధన తెచ్చింది, కాకపోతే ఎవరు ముందొస్తే వాళ్లకే చోటు, కాబట్టి త్వరగా ఎక్కాలి.

వీసా. మీరు వీసా స్టేటస్ రాయలేదు కాబట్టి ఏ వీసా వాళ్లకైనా పనికొచ్చేలా చెప్తాను. కొన్ని స్కూళ్లు పెప్ బ్యాండ్ పిల్లలకి ఆటకింత అని కొద్దిగా డబ్బు ఇస్తాయి, కొన్ని స్కాలర్‌షిప్ ఇస్తాయి, కొన్ని ఒక క్రెడిట్ కోర్సుగా లెక్కేస్తాయి. మనవాళ్లలో గ్రీన్ కార్డు వరసలో ఉన్న కుటుంబాల పిల్లలు చాలామంది హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటారు, వాళ్లు జీతంలాంటిది తీసుకోకూడదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి క్యాంపస్ పని గంటల పరిమితి ఉంటుంది, ఇది ఆ లెక్కలోకి వస్తుందా అన్నది యూనివర్సిటీనే చెప్పాలి. ప్రయాణంలో భోజనానికి ఇచ్చేది వేరు, ఆటకింత అని ఇచ్చేది వేరు. మా బ్యాండ్‌లో హెచ్-4 మీద ఉన్న ఒక తెలుగమ్మాయి ఆ డబ్బు వద్దని, బదులుగా క్రెడిట్ తీసుకుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ కాలేదు. సంతకం పెట్టే ముందు అడగడమే ముఖ్యం.

మార్చి ఆటలన్నీ అమెరికాలోనే కాబట్టి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గొడవ లేదు. 2025 మే నుంచి దేశంలోపల విమానాలకి కూడా రియల్ ఐడీ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలకి తగ్గ గుర్తింపు కార్డు) అడుగుతున్నారు, అది లేకపోతే పాస్‌పోర్ట్ సరిపోతుంది. పౌరులు కాని పెద్దలు తమ ఇమిగ్రేషన్ కాగితం దగ్గర ఉంచుకోవాలని చట్టం ఉంది కాబట్టి ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు బ్యాగులో ఉంచమనండి. జాగ్రత్త పడాల్సింది నవంబర్‌లో. సీజన్ మొదట్లో కొన్ని జట్లు బహామాస్‌కి, మెక్సికోకి టోర్నమెంట్లకి వెళ్తాయి. వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. చుట్టుపక్కల దీవులకి మాత్రం అది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాల వాళ్లకే, హెచ్-4 కి లేదు. ఎఫ్-1 వాళ్లకైనా ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ప్రయాణ సంతకం ఉండాలి. స్నేహితులంతా వెళ్తున్నారని టికెట్ ఒప్పేసుకోకుండా, వచ్చే నవంబర్‌లో అలాంటి ప్రయాణం వస్తే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

హోటల్, భద్రత. ఆడపిల్లలకి ఆడపిల్లలతోనే గది, సాధారణంగా ఇద్దరు, ఒక్కోసారి నలుగురు. మా దగ్గర రాత్రి గదికి చేరాల్సిన సమయం రాసి ఇస్తాం, తలుపు తట్టి చూస్తాం. మద్యం పూర్తిగా నిషేధం, 21 దాటినవాళ్లకి కూడా. తప్పితే ఆ ఏడు మళ్లీ ప్రయాణం ఉండదు. బయటికి వెళ్తే ఒంటరిగా కాదు, నలుగురైదుగురు కలిసి, ఎక్కడికో గ్రూపులో రాసి వెళ్లాలి.

అలాగని ప్రమాదమే లేదని చెప్పను. 2024 మార్చిలోనే, స్పోకేన్‌లో పురుషుల, మహిళల ఆటలు ఒకేసారి పడి హోటళ్లు నిండిపోవడంతో యూటా యూనివర్సిటీ మహిళల జట్టుకి ఐడహోలోని కోర్ డెలీన్ అనే ఊళ్లో బస ఇచ్చారు. భోజనానికి నడిచి వెళ్తుంటే ట్రక్కులో వచ్చినవాళ్లు జాతి పేరుతో దారుణంగా తిట్టారు. ఆ గుంపులో బ్యాండ్ పిల్లలు కూడా ఉన్నారు. తర్వాత జట్టుని వేరే హోటల్‌కి మార్చారు. మన పిల్లల రంగు చూసి మాట అనేవాళ్లు తగలొచ్చు, ఈ విషయం మీ అమ్మాయితో దాచకుండా మాట్లాడండి. ఎదురు సమాధానం చెప్పొద్దు, గుంపు విడవొద్దు, వెంటనే డైరెక్టర్‌కి చెప్పాలి. అసలు చిన్న విషయమైనా చెప్పొచ్చు అనే నమ్మకం ఆ డైరెక్టర్ మీద మీ అమ్మాయికి ఉందా అని అడిగి చూడండి. నేనైతే మిగతా ఏర్పాట్లన్నిటికంటే దానికే ఎక్కువ విలువిస్తాను.

భోజనం సులువే. ఫారంలో "శాకాహారం, గుడ్డు కూడా వద్దు" అని స్పష్టంగా రాయాలి, మాటల్లో చెప్తే మర్చిపోతారు. అయినా పిజ్జా, సాండ్‌విచ్ తప్ప గతి లేని పూటలు ఉంటాయి. జంతికలు, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా, పోహా కప్పులు పెట్టి పంపండి. ఆవకాయ సీసా చేతి బ్యాగులో పెట్టకండి, పచ్చళ్లని తనిఖీలో ద్రవాల లెక్కలో చూస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే పారేస్తారు. పొడులు పర్వాలేదు, 350 మిల్లీలీటర్లు దాటితే విడిగా తీసి చూపమంటారు. ఆటకి ముందు మాత్రం నూనె వస్తువులు, కూల్‌డ్రింకులు వద్దు, ఆ తీపి శాక్స్ లోపలికి వెళ్లి ప్యాడ్లు (మీటల కింద ఉండే మెత్తలు) అతుక్కుపోతాయి. నీళ్లే తాగాలి.

చెవులు. దీని గురించి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. శాక్సులు సాధారణంగా ముందు వరసల్లో, ట్రంపెట్ల ముందు కూర్చుంటాయి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దం 8 గంటల వరకు భరించొచ్చు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. నిండిన అరీనాలో బ్యాండ్ మధ్య కూర్చుంటే ఆ స్థాయి సులువుగా దాటుతుంది. కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో ఒక్కో రోజు రెండు ఆటలకి వాయించాల్సి వస్తుంది కూడా. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్స్ అయినా సరే, సంగీతకారుల కోసం చేసినవి కొనిస్తే ఇంకా మంచిది, స్వరం తేడా తెలుస్తుంది. మీరు ఈ ప్రయాణానికి ఒక్క వస్తువు కొనివ్వాలనుకుంటే ఇదే కొనివ్వండి. దాంతో పాటు రీడ్లు (శాక్స్‌లో నోటి దగ్గర పెట్టే పల్చటి పట్టీలు) ఒక పెట్టె అదనంగా, మెడ పట్టీ ఇంకొకటి, చిన్న స్క్రూడ్రైవర్ (ఇది విమానంలో వేసే పెద్ద సూట్‌కేసులో), బ్యాండ్ చొక్కాలు రెండు, అలసిపోని బూట్లు.

జట్టుతో ఒకే విమానంలో వెళ్తే పాటించాల్సిన మర్యాద ఒకటి ఉంది. ఎవరు కుంటుతున్నారు, ఎవరి మోకాలికి ఐస్ కట్టారు, ఎవరు కోచ్‌తో మాట్లాడట్లేదు, అన్నీ కళ్లముందే కనిపిస్తాయి. అవేవీ ఫోటోగా గానీ మాటగా గానీ బయటికి వెళ్లకూడదు, ఇంట్లోవాళ్లకి పంపే మెసేజ్‌లో కూడా. 2018 లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందేలు చట్టబద్ధమయ్యాయి, అలాంటి చిన్న సమాచారం కోసం డబ్బు పెట్టేవాళ్లు ఉన్నారు. మేం ప్రతి ప్రయాణానికి ముందు ఈ మాట పిల్లలందరికీ చెప్తాం. ఇక ఓడిన రాత్రి తిరుగు ప్రయాణంలో నిశ్శబ్దంగా ఉండాలి. కొందరు సీనియర్ ఆటగాళ్లకి అది జీవితంలో చివరి ఆట. బ్యాండ్ పిల్లలకి ప్రయాణం సరదాగా గడిచి ఉండొచ్చు, కానీ ఆ విమానంలో నవ్వులు వినిపించకూడదు.

చివరగా, మీరిద్దరూ వెళ్లి చూడాలనుకుంటే తప్పకుండా వెళ్లండి, మీవారు ఒక్కసారి అక్కడ కూర్చుంటే ఆయన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. బ్యాండ్ కోటాలో కుటుంబాలకి టికెట్లు రావు. స్కూలు టికెట్ ఆఫీసు ద్వారా, మన స్కూలు సెక్షన్‌లోనే కొనండి. బ్యాండ్ సాధారణంగా బుట్ట వెనక మూలలో కూర్చుంటుంది, దానికి ఎదురు మూల దగ్గర దొరికితే తను బాగా కనిపిస్తుంది. ఆట మధ్యలో ఫోన్ చేయొద్దు, కిందికి వెళ్లి పలకరించే వీలు కూడా ఉండదు. ఆట అయ్యాక వాయిద్యాలు సర్దుకుని బస్సెక్కే ముందు కాస్త సమయం ఉంటుంది, ఎక్కడ నిలబడాలో ముందే తనని అడిగి పెట్టుకోండి. తను ఏ స్టేటస్‌లో ఉందో, ల్యాబ్‌లు ఏ రోజుల్లో ఉన్నాయో ఇక్కడ రాస్తే ప్రొఫెసర్‌కి ఇచ్చే లేఖలో ఏమేం ఉండాలో కూడా చెప్తాను.